బేబీరాణి చెయ్యెత్తింది

చంక. మొదటి మాటే రాసేశాను. ఈ మాట దగ్గర ముక్కు మూసుకునేవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు. బోటు ఇంకా జెట్టీ వదల్లేదు.

మా జోగులన్న కూతురు బేబీరాణికి చంకల్లో చెమట పడుతుంది. ఎవరికి పట్టదు, పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టినవాళ్ళకి చెమట ఒక వార్తా అంటారు. ఆగండి. మనకు ఎండలో పడుతుంది, నీడకు వెళితే ఆరుతుంది. దానికి వాన కురుస్తున్నా పడుతుంది. ఫ్యాను కింద కూర్చుని టీవీ చూస్తున్నా మోచేతి దాకా కారుతుంది. పెద్దమనిషి అయిన ఏడాదే మొదలైంది. స్కూల్లో టీచరు ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు. బోర్డు మీద లెక్క చెయ్యమంటే మోచెయ్యి పక్కటెముకలకు అతికించుకుని, కోడిపిల్ల గీకినట్టు కింద చివర రాసేది. మొద్దు అన్నారు. మొద్దు కాదు, తడి.

అలాంటి పిల్ల వెళ్ళి వెళ్ళి చెయ్యెత్తే ఉద్యోగంలోనే చేరింది. పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీ నుంచి నీల్ దీవికి తిరిగే కాంట్రాక్టు బోటులో లష్కర్, అంటే డెక్ మీద తాళ్ళ పని. బోటు జెట్టీకి దగ్గరవుతుంటే ముందు కొసన నిలబడి, చివర గుండ్రటి ముడి వేసిన సన్నతాడు తల మీదుగా ఒడ్డుకు విసరాలి. ఒడ్డు మీదివాడు దాన్ని అందుకుని లాగితే వెనకాలే లావుపాటి మోకు వస్తుంది. ఆ మోకును ఇనుప గుంజకు తగిలిస్తే బోటు నిలుస్తుంది. సన్నతాడు నీళ్ళలో పడితే బోటు పక్కకు కొట్టుకుపోతుంది, బోటు నడిపే సారంగు నోట బూతు వస్తుంది. బేబీరాణి తాడు నీళ్ళలో పడటం నేను చూడలేదు. విసురు వల పట్టించి పెంచాడు మా అన్న. గాలి ఎటు వీస్తే భుజం ఎటు తిప్పాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ డెక్ మీద అదొక్కతే ఆడది. చెప్పుకోవడానికి మాకు గర్వంగా ఉండేది. దాని చూపు మాత్రం జెట్టీ దగ్గరవుతున్న ప్రతిసారీ సొంత చొక్కా మీదికే పోయేది. ఎందుకంటే కాంట్రాక్టరు ఇచ్చిన యూనిఫాం లేత నీలం పాలిస్టర్ చొక్కా. చెమట చుక్క పడితే సిరా ఒలికినట్టు కనిపించే బట్ట. ఎవడు ఎంచాడో గానీ, వాడు ఒక్క పూట కూడా డెక్ మీద నిలబడి ఉండడు.

పౌడరు రాసింది. నిమ్మచెక్క రుద్దింది. పటిక రుద్దింది. చివరికి శానిటరీ ప్యాడ్‌ను ముక్కలు కోసి చొక్కా లోపల చంక దగ్గర పిన్నుతో గుచ్చుకుంది. ఒకరోజు నీల్ జెట్టీలో తాడు విసిరిన ఊపుకి పిన్ను ఊడి, ఆ ముక్క టూరిస్టుల కాళ్ళ దగ్గర పడింది. తోటి లష్కర్ మణికుమార్ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"దీదీ, యే కిస్‌కా హై? బగల్‌వాలీదా?"

బోటంతా నవ్వింది. అప్పటినుంచి అది బగల్‌వాలీ అయిపోయింది. ఈ పేరులో ఉన్న టక్కరితనం దీవుల్లో బతికినవాళ్ళకే తెలుస్తుంది. హిందీలో బగల్ అంటే చంక. బగల్ అంటే పక్క కూడా. పక్కింటావిడను కూడా మేం బగల్‌వాలీ అనే అంటాం. అదేం మాట అని ఇది కోప్పడితే, "అరే దీదీ, పక్కనే నిలబడ్డావు కాబట్టి అన్నాం, నువ్వేం అనుకున్నావు?" అని కళ్ళు పెద్దవి చేసేవాళ్ళు. తిట్టి కూడా తిట్టలేదనే సౌకర్యం ఉన్న తిట్టు అది.

ఇంతలో కొత్త బోటు వస్తోందని తెలిసింది. ఏసీ, గాజు కిటికీలు, మెత్తటి కుర్చీలు. దాని మొదటి ట్రిప్పులో డెక్ మీద ఎవరుంటే వాళ్ళే ఇకపై డెక్ మనుషులు. మిగిలినవాళ్ళు లోపల చాయ్ కప్పులు కడగాలి. కాంట్రాక్టరు చంద్రమౌళి బేబీరాణిని ఆఫీసుకు పిలిపించాడు. తెలుగువాడే. డెలానీపూర్‌లో ఇల్లు. ఏ మాటా గట్టిగా అనడు, అదే అతనితో వచ్చిన చిక్కు. బోటు మనుషుల యూనియన్ తరఫున నేనూ వెంట వెళ్ళాను.

"చూడు తల్లీ, నీ పనికి వంక పెట్టను. కానీ కంప్లైంట్లు వస్తున్నాయి. ఫొటోలు తీసి నెట్‌లో పెడుతున్నారు. కొత్త బోటు, పెద్ద పెద్ద సాబ్‌లు వస్తారు. నువ్వు ముందు నిలబడి చెయ్యెత్తితే వాళ్ళకి ఏం కనిపిస్తుంది?"

"తాడు కనిపిస్తాది సార్" అంది బేబీరాణి.

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకు రాలేదు.

"అది తగ్గించుకో, డెక్ నీదే. తగ్గకపోతే ప్యాంట్రీ. ఏసీలో ఉంటావు, నీకే సుఖం. నా మేనల్లుడు చెప్పాడు, చెన్నైలో ఏదో నరం కట్ చేస్తారట. ఒక్క దెబ్బకి పోతుందట."

ఆడపిల్ల ఒంట్లో నరం కోయించుకోవాలట, వీడి గాజు కిటికీలకు అందం తగ్గకుండా! నేను నోరు తెరవబోయాను. బేబీరాణి నా చెయ్యి గిల్లింది. బయటికొచ్చాక అంది, "అత్తా, ఆడితో తర్వాత పోట్లాడు. ముందు నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. ఒక్కదాన్ని ఎల్తే నోరు రాదు నాకు."

ఇన్నేళ్ళలో డాక్టరు దగ్గరికి పోదామని దానికి తోచలేదు. మాకూ తోచలేదు. చెమటకు మందుంటుందని ఎవరనుకుంటాం?

ఆసుపత్రి చీటీ కౌంటరులో కూర్చున్నవాడు తలెత్తకుండా అడిగాడు. "క్యా తక్లీఫ్?"

"బగల్ మే పసీనా" అంది బేబీరాణి, గొంతు గొంతులోనే.

"బగల్ మే కౌన్? ఆప్ అప్నా బోలో, పక్కోళ్ళది వాళ్ళు చెప్తారు."

క్యూ అంతా మమ్మల్నే చూసింది. నేను ఇంక ఆగలేదు. చెయ్యెత్తి, చంక చూపించి, మొత్తం వరండాకు వినిపించేలా చెప్పాను. "ఇది! ఇదిగో ఇక్కడ! తెలుగులో చంక! రాయి భయ్యా!" వాడు గబగబా చర్మరోగాలు అని రాసి చీటీ నెట్టేశాడు. బేబీరాణి చున్నీలో మొహం దాచుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. చూస్తే భుజాలు కదిలేలా నవ్వుతోంది.

డాక్టరమ్మ వయసులో చిన్నది, హిందీలో మాట్లాడింది. నవ్వలేదు. అదే సగం మందు. దీనికి పేరుంది, ఇది జబ్బే, నీ శుభ్రతకూ దీనికీ సంబంధం లేదు అంది. బరువు తగ్గావా, గుండె దడ ఉందా, నిద్రలో కూడా పడుతుందా అని అడిగి, థైరాయిడ్‌కి రక్తపరీక్ష రాసింది. తర్వాత తాపీగా ఒక్కొక్కటీ విడమర్చింది. బజార్లో సెంటు డబ్బాలు వాసన కప్పుతాయి తప్ప చెమట ఆపవు. ముందు రాసేది అల్యూమినియం క్లోరైడ్ ద్రావకం, అది చెమట రంధ్రాల మూతి మూస్తుంది. దాంతో చాలకపోతే చంకలో సన్నసూదితో ఇంజెక్షన్లు. కొన్ని నెలలు పనిచేస్తాయి, మళ్ళీ పొడిపించుకోవాలి. మాత్రలు కూడా ఉన్నాయి గానీ నోరు ఎండిపోతుంది. పైగా ఎండలో పనిచేసే మనిషికి ఒళ్ళంతటి చెమటా ఆగితే వడదెబ్బ కొడుతుంది, నీకు అవి వద్దు అంది. నరం కోయడం అన్నిటికన్నా ఆఖరు. కోశాక చంక ఆరి, వీపూ పొట్టా కారడం మొదలైనవాళ్ళు ఎందరో ఉన్నారట.

నేను చంద్రమౌళి మేనల్లుణ్ణి తలుచుకున్నాను.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగిందామె. ఇద్దరం లేదన్నాం.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతంతా చెబుతుంటే, వల బాగు చేసుకుంటున్న మా జోగులన్న ఎడంచెయ్యి ఎత్తాడు. బనీను నడుం దాకా తడి.

"నాకూ ఉందే" అన్నాడు.

"మరి ఎప్పుడూ సెప్పలేదేటి నాన్నా?"

"ఏటని సెప్తాను? డోంగీ పడవ మీద ఏది సెమటో ఏది సముద్రమో ఎవుడు సూత్తాడు?"

బేబీరాణి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుని వల రెండో కొస అందుకుంది. దాని మొహం తేలికపడింది. తనకొచ్చింది పాపమో శాపమో కాదు, నాన్న ముక్కులాగా, నాన్న విసురులాగా ఇంటిదే అని తెలిసింది.

ఇక మందు. డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పింది, రాత్రి పడుకునేముందు, పొడి చర్మం మీద, పొద్దున్న కడిగెయ్యాలి అని. బేబీరాణి విన్నది విన్నట్టే చెప్పింది. కానీ ఆ ఇంట్లో మందు రాయడం మా అమ్మ అప్పలకొండమ్మ చేతిలో పని. అమ్మ భావనపాడు ఒడ్డున పుట్టి, పెళ్ళయి ఈ దీవికొచ్చిన మనిషి. సముద్రం వాళ్ళ ఇళ్ళల్లో ఒక నియమం ఉంది, ఉప్పంటిన ఒంటి మీద మందు వెయ్యకూడదు. ముందు మంచినీళ్ళు పొయ్యాలి, ఒళ్ళు తడిగా ఉండగానే మందు పట్టించాలి. ముల్లు గుచ్చుకున్నా, వలతాడు కోసినా, జెల్లీచేప తగిలినా అదే పద్ధతి. ఉప్పు మీద మందు వేస్తే పుండు కుళ్ళుతుందని తాతలనాటి భయం.

"పొడి ఒంటికి మందేటే! తోలు తాగదు. పెద్ద సదువులు సదివిందేమో గానీ ఆ డాట్రమ్మ ఉప్పునీల్లు ముట్టిందా?" అంది అమ్మ. పిల్లని చెంబుల కొద్దీ నీళ్ళతో తడిపి, చంకలు నురగొచ్చేలా రుద్ది, ఆ తడి మీదే ద్రావకం దట్టంగా పట్టించింది. మంట అని పిల్ల అరిస్తే, "మండితేనే పనిసేత్తన్నట్టు" అంది.

తెల్లారేసరికి రెండు చంకలూ ఎర్రగా కమిలిపోయాయి. పిల్ల చేతులు దించలేదు, ఎత్తలేదు. రెండు పక్కలా కుండలు మోస్తున్నట్టు చేతులు ఎడంగా పెట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. నీల్‌లో తాడు విసరబోయి సగంలో ఆగిపోయింది. మణికుమార్ తాడు లాక్కుని విసిరాడు. ఆ సంగతి చంద్రమౌళికి చేరింది. మర్నాటి నుంచి ముందు కొసన మణికుమార్‌ని నిలబెట్టారు. కొత్త బోటు మీద కూడా వాడే అని ఆఫీసులో అనుకుంటున్నారట.

బేబీరాణి మందు సీసా మురిక్కాలవలోకి విసిరేసింది. "నాకు ప్యాంట్రీయే రాసిపెట్టినాది" అని గోడకు తిరిగి పడుకుంది.

నేను ఆసుపత్రికి వెళ్ళాను. మర్యాదగా వెళ్ళానని అబద్ధమాడను. "మా పిల్లని కాల్చేశారు" అని గుమ్మంలోనే మొదలుపెట్టాను. డాక్టరమ్మ నా అరుపు పూర్తయ్యేదాకా ఆగి, ఒక్కటే అడిగింది. రాసేటప్పుడు చర్మం తడిగా ఉందా?

ఉంది, మా అమ్మ రాసింది, మా పద్ధతి అది అన్నాను.

అప్పుడు చెప్పింది. ఈ మందు నీళ్ళు తగిలితే ఘాటైన ఆమ్లం తయారవుతుంది. అందుకే పొడిగా ఉన్నప్పుడు, చెమట తక్కువుండే రాత్రిపూట రాయమనేది. గాయం కడగడానికి మీ పద్ధతి చాలా మంచిది, దీనికి మాత్రం తిరగేసి చెయ్యాలి అంది. పొడి ఎందుకో కూడా చెప్పి ఉండాల్సింది, ఈసారి మీ అమ్మగారిని కూడా తీసుకురండి అని నవ్వింది. థైరాయిడ్ రక్తపరీక్షలో ఏమీ లేదని చెప్పి, మంట తగ్గడానికి వేరే పూత రాసిచ్చి, పూర్తిగా మానాకే మళ్ళీ మొదలుపెట్టమంది, అదీ రాత్రి విడిచి రాత్రి.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చాలాసేపు మూతి ముడుచుకుంది. చివరికి, "మరి నీల్లు తగిలితే మండుద్దని ముందే సెప్పొచ్చు కదేటి, నానేటి మనవరాలి పగదాన్నా?" అంది. చంకలు మానాక కొత్త సీసా తెప్పించింది కూడా ఆవిడే. ఇక చూడాలి ఆవిడ కాపలా! పడుకునేముందు పిల్లని చేతులెత్తించి కూర్చోబెట్టడం, విసనకర్రతో రెండు చంకలకూ విసరడం, వేలు పెట్టి చూడడం. "ఆగే, ఇంకా సెమ్మ ఉంది. కదలకు." ఎండుచేపలు ఆరబెట్టిన చేతులు అవి. ఆరిందో లేదో ఆవిడకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఆ కమిలినవి మానుతున్న రోజుల్లోనే మేం ఫీనిక్స్ బే గేటు ముందు మీటింగు పెట్టాం. మిట్టమధ్యాహ్నం. ఆఫీసు కిటికీ నేరుగా కనిపిస్తుంది. బోటు మనుషులంతా వచ్చారు. బేబీరాణి వెనకాల, చేతులు కట్టుకుని నిలబడింది. ఏ మీటింగులోనూ అది పిడికిలి ఎత్తింది లేదు, నోటితో మాత్రం జిందాబాద్ అనేది.

"చంద్రమౌళి గారు కొత్త రూలు తెచ్చారు" అన్నాను. "చంక తడిసినవాళ్ళు డెక్ మీదికి పనికిరారట. మంచి రూలే. అందరికీ ఒకటే ఉండాలి కదా? ఎవరు పనికొస్తారో తేల్చుకుందాం. ఎత్తండి చేతులు!"

నవ్వులు. ఎవడూ ఎత్తడు. పక్కవాణ్ణి పక్కవాడు పొడుస్తాడు. సారంగు కన్నారావు పెద్దమనిషి, మీటింగుల్లో నోరు విప్పని మనిషి, ముందు ఆయన ఎత్తాడు. చొక్కా నడుం దాకా నల్లబడి ఉంది. తర్వాత ఇంజను గదివాళ్ళు ఎత్తారు, వాళ్ళకి తడవని జాగాయే లేదు. ఒక్కొక్కటే లేచి జెట్టీ అంతా చేతులైంది. అందరికన్నా ఆఖర్న మణికుమార్.

"అరే బాప్‌రే, నీది టాంకీ లీకేటి భయ్యా!" అని ఎవరో అన్నారు.

కిటికీలోంచి చంద్రమౌళి, "యే క్యా తమాషా హై?" అని వేలు చూపిస్తూ చెయ్యి బయటపెట్టాడు. ఏసీ గదిలోని మనిషి. ఆయన తెల్లచొక్కాకు కూడా చంక కింద తడి అర్ధచంద్రం ఉంది. గుంపు ఒక్కసారి గొల్లుమంది. కిటికీ మూసుకుంది.

మణికుమార్ ఎత్తిన చెయ్యి దించకుండానే వెనక్కి తిరిగాడు. "దీదీ, గల్తీ హో గయా. ఆ పేరు నేనే పెట్టినాను. ఇంక ఎవడు అన్నా నా పేరు బద్‌నాం."

బేబీరాణి కట్టుకున్న చేతులు విప్పింది. కుడిచెయ్యి సగం లేచింది, చర్మం లాగి మొహం చిట్లింది, అక్కడ ఆగి మళ్ళీ లేచింది. పూర్తిగా. నేను ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోతే, ఆ పూట నినాదం ఇంకొకళ్ళు అందుకోవాల్సి వచ్చింది.

గెలిచామనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, "ఇంక మందూ మాకూ ఎందుకే? అందరం తడిసేవాళ్ళమే అని తేలిపోయింది కదా" అన్నాను. అది రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"అత్తా, మీకందరికీ ఎండకి పడుద్ది. నీడకెళ్తే ఆగుద్ది. నాకు ఆగదు. పెళ్ళిళ్ళకి ఎల్లను. బస్సులో పైన కమ్మీ పట్టుకోను, పడిపోతాను గానీ పట్టుకోను. రంగు బట్ట కొనుక్కోను. మీరు ఒక్క పూట చేతులెత్తి నవ్వుకున్నారు. నాకు బాగుంది, కాదనను. కానీ మీ జిందాబాద్ నా చంక ఆరబెడుద్దా?"

జబ్బును అందరిదీ అని సభలో పంచేస్తే జబ్బు పోదు. మందు దాని హక్కు, డెక్ కూడా దాని హక్కు. ఒకటి తీసుకున్నందుకు రెండోది వదలమనకూడదు. ఈ ముక్క నాకు చెప్పింది మా ఇంటి పిల్ల. చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు, గర్వంగానే ఉంది.

మందు పొడిగా వాడుతుంటే పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా కాదు. కుడివైపు బాగా తగ్గింది. ఎడమవైపు మొండికేసింది, నాన్న పోలిక. చాలకపోతే ఇంజెక్షన్ల సంగతి ఆలోచిద్దామని డాక్టరమ్మ చెప్పింది, పిల్ల సరేనంది. తుష్నాబాద్‌లో పెళ్ళికి బస్సులో కమ్మీ పట్టుకునే వెళ్ళింది. పసుపు రంగు చొక్కా వేసుకుంది. ఆ చొక్కా చూసి మా అన్న వల పక్కన పెట్టి, పిల్ల సందు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు.

కొత్త బోటు మొదటి ట్రిప్పు రోజు రానే వచ్చింది. దాన్ని బయట లంగరు దగ్గర్నుంచి ఫీనిక్స్ బే జెట్టీకి తెచ్చి ప్యాసింజర్లను ఎక్కించుకోవాలి. జెట్టీ మీద షామియానా, దండలు, సాబ్‌లు. మణికుమార్‌నీ బేబీరాణినీ ఇద్దర్నీ బోటు మీదికి పిలిచారు. ఎవరు ముందు నిలబడతారో చంద్రమౌళి తేల్చలేదు. మీటింగు తర్వాత అతను కాదనలేడు, అవుననడానికి మనసు రాదు. వాళ్ళని బోటు దాకా తీసుకెళ్ళే చిన్న పడవ దగ్గర నవ్వుతూ ఎదురొచ్చాడు. చేతిలో నల్లకోటు, కొత్తది, బంగారు గుండీలు.

"తల్లీ, మీ అత్తగారి మాట కూడా నిలబెడుతున్నాను. ముందు కొసన నువ్వే. ఇది ఒక్కటి పైన వేసుకో. ఆఫీసర్‌లా ఉంటావు. తడీ కనపడదు, గొడవా ఉండదు."

నిజం చెప్పాలంటే నాకు కూడా బాగానే ఉందనిపించింది ఒక్క క్షణం. బంగారు గుండీలు కదా.

బేబీరాణి కోటును చేతిలోకి తీసుకుంది, బరువు చూసింది, తిరిగిచ్చేసింది. "మందు నాకోసం రాసుకుంటున్నాను సార్. ఈ కోటు మీ కోసం. మీరే ఏసుకోండి. దీంట్లో భుజం తిరగదు."

"బేబీ, ఆలోచించుకో. కోటు లేకపోతే మణికుమార్ విసురుతాడు."

"నా చేతికి తాడు ఇవ్వకండి సాబ్" అన్నాడు మణికుమార్ వెనకనుంచి. "ఈ గాలికి నేను విసిరితే షామియానా మీద పడుద్ది."

చంద్రమౌళి కన్నారావు వైపు చూశాడు. సారంగు టోపీ సర్దుకుని, "డెక్ మీద ఎవరుండాలో బోటు నడిపేవాడు చెప్తాడు, కోటు కొన్నోడు కాదు" అని పడవలోకి దిగాడు. పక్కన షామియానా కింద సాబ్‌లు వాచీలు చూసుకుంటున్నారు. చంద్రమౌళికి కోటు మడిచి చంకలో పెట్టుకోవడం తప్ప దారి లేకపోయింది.

నేను జెట్టీ మీద అమ్మ పక్కన నిలబడ్డాను. కొత్త బోటు తెల్లగా మలుపు తిరిగింది. గాలి పక్కనుంచి కొడుతోంది, బోటు అడ్డంగా నెట్టుకొస్తోంది. ముందు కొసన లేత నీలం చొక్కాలో మా పిల్ల. తాడు చుట్టలు రెండు చేతుల్లోకి పంచుకుంది. కన్నారావు పైనుంచి అరిచాడు, "లష్కర్! ఇసురు!"

అది భుజం గాలికి ఎదురు తిప్పింది. చెయ్యి తల మీదికి వెళ్ళింది. ఇక్కణ్ణుంచి కూడా కనిపించింది, కుడిపక్క పొడిగా, ఎడమపక్క అరచేయంత తడి. షామియానా కింద ఫోన్లు లేచాయి. తాడు వంపు తిరిగి, జెట్టీ మీద మనిషి రొమ్ముకు తగిలేంత సూటిగా వచ్చి పడింది. వాడు అందుకుని లాగాడు, మోకు వచ్చింది, గుంజకు పడింది. కొత్త బోటు గుర్రంలా ఒకసారి తల విదిల్చి ఆగింది.

"ఓలమ్మ!" అంది మా అమ్మ పక్కావిడతో. "సూసినావా? అది మా జోగులు కూతురు."

"ఏటో తడిసినట్టుందే?" అందావిడ.

"ఎడంపక్క ఇంకా ఆరలేదు. నానే ఆరబెడతన్నాను" అంది అమ్మ, ఊరంతటికీ వినిపించేలా.

పైనుంచి కన్నారావు గొంతు వచ్చింది. "మణీ, నువ్వు వెనక మోకు దగ్గరికి. ముందు బేబీరాణి. ఇంక రోజూ ఇదే." చంద్రమౌళి విననట్టు సాబ్‌లకు దండలు వేయిస్తున్నాడు. విననట్టుండడం కూడా ఒప్పుకోవడమే.

దిగుడుబల్ల పడింది. ప్యాసింజర్లు కదిలారు. బేబీరాణి బల్ల చివర నిలబడి ఒక్కొక్కళ్ళకీ చెయ్యి అందిస్తోంది. నీల్‌కి వెళ్ళే ఒక బెంగాలీ ముసలమ్మ, ఒక చేతిలో కూరల సంచి, బల్ల ఊగేసరికి అందించిన వేళ్ళు వదిలేసి, పిల్ల ఎడం చంక కింద గట్టిగా చెయ్యి దూర్చి పట్టుకుంది. సరిగ్గా అక్కడే. బేబీరాణి ఒక్క రవ్వ బిగిసింది. ముసలమ్మకు ఆ తడి పట్టనే లేదు, ఆవిడ దృష్టంతా అడుగు మీద ఉంది.

"పట్టుకో నానీ, గట్టిగా పట్టుకో" అంది బేబీరాణి, చెయ్యి ఇంకా పైకెత్తి ఆవిడకి చోటిస్తూ. "ధీరే సే. నేనున్నాను."